వాకిట్లో పట్టాలు

ఉద్యోగంలో ఉన్నంతకాలం నాకు సరదా అంటూ ఏదీ లేదు. నీటిపారుదల శాఖలో కాలువల ప్లాన్లు గీసే పని. ఇంటికొచ్చాక డైరీ రాసుకోవడం ఒక్కటే అలవాటు. అది సరదా అని నేనెప్పుడూ అనుకోలేదు, పళ్లు తోముకోవడం లాంటిదే. రిటైరయ్యాక చండ్రుగొండ దగ్గర మా సొంత ఇంటికి వచ్చి స్థిరపడ్డాం. కొత్తగూడెం నుంచి సత్తుపల్లి వైపు వేసిన రైలు మార్గం మాకు దగ్గరే. సాయంత్రం నడకకు పోయినప్పుడు కట్ట కింద నిలబడి బొగ్గు గూడ్సులు చూసేవాణ్ణి. వంపులో బండి ఎట్లా వాలుతుందో, ఒక పట్టా రెండో పట్టా కంటే ఎందుకు ఎత్తుగా ఉంటుందో చూసి, ఇంటికొచ్చి బొమ్మ గీసి పెట్టుకునేవాణ్ణి. అట్లా మొదలైంది.

బొమ్మ రైళ్లలో చిన్నవి, పెద్దవి ఉంటాయని అప్పటిదాకా నాకు తెలియదు. హైదరాబాదులో ఒక పెద్దమనిషి తన ఇంటి పెరట్లో వేసుకున్న రైలును, ఇల్లు అమ్మేస్తున్నందువల్ల ఇచ్చేస్తానని ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఫోన్ చేశాను. బల్ల మీద నడిచే చిన్న రైళ్లు మన వయసు వాళ్లకు పనికిరావని ఆయనే చెప్పాడు. వేలెడంత పెట్టెను పట్టాల మీద కూర్చోబెట్టాలంటే చూపు కావాలి, చేయి వణకకూడదు. ఆయన దగ్గరున్నవి పెద్దవి. ఇంజను మూరెడు పొడవు. ఇత్తడి పట్టాలు, ఎండకూ వానకూ ఆరుబయట ఉన్నా తట్టుకుంటాయి.

వెళ్లి తెచ్చుకున్నాను. ఇంజను, మూడు పెట్టెలు, ఒక అట్టపెట్టె నిండా పట్టాలు. తిరుగు ప్రయాణంలో కండక్టర్ ఆ పెట్టెను కాలితో కదిపి చూశాడు. కదల్లేదు.

"ఏముంది పెద్దాయనా ఇండ్ల? ఇనుమా?"

"రైలు."

"రైలును బస్సుల తీసుకపోతున్నవా! మరి దానికి టికెట్ కొట్టాల్నా, నీకు కొట్టాల్నా?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటి దగ్గర అంత తేలిగ్గా కాలేదు.

మా ఇంటి ముందు వాకిలి పెద్దది, మట్టి వాకిలి. మాకున్న మిర్చి చేను అడవి అంచున ఉంది. అక్కడ కళ్లం పెడితే కోతులు ఆగనివ్వవు. అందుకని కౌలు చేసే అతను కోసిన కాయంతా మా వాకిట్లోనే ఆరబోస్తాడు. మా ఆవిడ ఆ పని మొత్తం దగ్గరుండి చూస్తుంది. ఏ మూల ఎండ ముందు పడుతుందో, ఏ మూల చెమ్మ నిలుస్తుందో ఆమెకు తెలుసు. కళ్లం ఉన్న రోజుల్లో మేము ఇంట్లోకి పోవాలన్నా పక్కనుంచి తిరిగి పోవాలి. ఆ వాకిట్లో నేను పట్టాలు వేస్తానన్నాను.

ఆమె పెట్టె తెరిచి ఇంజనును రెండు చేతులతో ఎత్తి చూసింది.

"గీ వయసుల గీ బొమ్మలేందయ్యా? మనవళ్లకా అనుకుంటరు జనం."

"బొమ్మ కాదు, నమూనా."

"ఏదో ఒకటి. ఏసుకో. మిర్చి వచ్చే లోపల నా కండ్ల ముందర అది ఆగకుంట ఒక సుట్టు తిరిగిందనుకో, ఉంచుకో. తిరగలేదా, పీకి అవతల పెడతవు. మళ్ల కాయ దిగినంక నా వాకిట్ల పట్టాలు, స్క్రూలు అంటే ఊకోను."

న్యాయమైన మాటే. ఒప్పుకున్నాను. అప్పటికి మిర్చి ఇంకా పూతలో ఉంది.

పని పద్ధతిగానే మొదలుపెట్టాను. వాకిలి కొలిచి, గీత కాగితం మీద ప్లాన్ వేసి, గుమ్మం ముందు నుంచి తులసికోట వెనకగా గేటు దాకా, అక్కడి నుంచి ప్రహరీ వెంట మళ్లీ గుమ్మానికి వచ్చే చుట్టు గీశాను. పెట్టెలో ఉన్న వంపు పట్టాలు మరీ గుండ్రంగా ఉన్నాయి. వాటితో వేస్తే చివరి పెట్టె ప్రతిసారీ మలుపులో పడిపోయేది. పెద్ద బండికి పెద్ద మలుపు కావాలి. హైదరాబాదు పెద్దమనిషిని అడిగితే తన దగ్గర మిగిలిన వెడల్పు వంపులు పంపాడు. వాటి కింద చిన్న కంకర పోసి, మట్టం పెట్టి చూసుకుంటూ చుట్టు మూసేశాను. మేం కాలువలకు చేసిన పనే ఇది, కొలతలే చిన్నవి.

ఇత్తడి పట్టాల్లోంచి కరెంటు పారుతుంది. చక్రాలు దాన్ని తీసుకుని మోటారుకు ఇస్తాయి. ఇంట్లోని ప్లగ్గు నుంచి ఒక చిన్న పెట్టె ద్వారా తక్కువ కరెంటు పట్టాలకు వెళ్తుంది. ముట్టుకున్నా ప్రమాదం లేదు. పట్టా మాత్రం శుభ్రంగా ఉండాలి. సాయంత్రం పట్టాలు తుడిచి బండి వదిలితే గుమ్మం ముందు నుంచి చక్కగా వెళ్లి చుట్టు తిరిగి వచ్చింది. మా ఆవిడ అప్పుడు వంటింట్లో ఉంది. పిలిస్తే, "రేపు పొద్దున చూస్త, పోపు మాడుతది" అంది.

మర్నాడు పొద్దున ఆమె టీ గ్లాసుతో అరుగు మీద కూర్చుంది. బండి గేటు నుంచి బయల్దేరింది, ప్రహరీ వెంట వచ్చింది, గుమ్మం ముందుకు రాగానే ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. వేలితో తోస్తే కొంచెం కదిలి మళ్లీ ఆగింది.

"స్టేషన్ వచ్చిందా?" అంది ఆమె.

చలికాలం, మంచు పడుతోంది కాబట్టి పట్టాల మీద తేమ వల్ల అనుకున్నాను. పట్టాలు మళ్లీ తుడిచాను. గుడ్డకు నల్లగా అంటింది, ఇత్తడి చిలుము అనుకున్నాను. సాయంత్రం, ఆమె వంటలో ఉన్న వేళ, బండి నడిచింది. పొద్దున ఆగింది. ఆగితే ఎప్పుడూ గుమ్మం ముందే ఆగేది. అక్కడి కీళ్లు విప్పి బిగించాను. తీగ మార్చాను. కంకర తవ్వి మట్టం సరిచేశాను. రోజూ అదే తంతు. మిర్చి పూత పోయి కాయ పట్టింది, కాయ ఎర్రబారడం మొదలైంది. ఆమె టీ గ్లాసుతో అరుగు మీదికి రావడం మానేసింది, అదే నాకు ఇబ్బందిగా ఉండేది.

ఆ మధ్యలో నేలకొండపల్లిలో వాళ్ల అక్క మనవరాలి పెళ్లి వచ్చింది. ఆమె ముందుగా వెళ్లింది. నేను పట్టాల పని ఉందని పెళ్లి రోజుకే వెళ్లి వచ్చేశాను. ఆమె లేని రోజుల్లో బండి పొద్దున నడిచింది, మధ్యాహ్నం నడిచింది, సాయంత్రం నడిచింది. గుమ్మం ముందు ఒక్కసారి కూడా ఆగలేదు. తీగ మార్చడం వల్ల బాగైందనుకున్నాను. ఆమె తిరిగి వచ్చిన మర్నాడు పొద్దున, చూపిద్దామని కాస్త ముందే లేచి బండి వదిలాను. అదే చోట ఆగిపోయింది.

వంగి పట్టా తుడిచాను. గుడ్డకు ఈసారి నలుపు అంటలేదు. ఆకుపచ్చగా, తడిగా, సన్నటి గడ్డి పరకతో సహా వచ్చింది. వాసన చూడనక్కర్లేకుండానే తెలిసింది. పేడ.

మా ఆవిడ తెల్లవారకముందే లేచి గుమ్మం ముందు పేడనీళ్ల కల్లాపి చల్లుతుంది. మా వైపు సాంపి అంటారు. పెళ్లైన నాటి నుంచి చల్లుతూనే ఉంది. నేను లేచేసరికి వాకిలి ఆరి, ముగ్గు ఉంటుంది. ఆ సాంపి పట్టాల మీద పడి పొరలా ఆరిపోతోంది. పొర మీదుగా కరెంటు అందడం లేదు. సాయంత్రం నేను తుడిస్తే పోతోంది, తెల్లారి మళ్లీ పడుతోంది. ఇన్నాళ్లూ ఆ వాకిట్లోనే కూర్చుని నేను మంచును తప్పుపట్టాను.

టీ తాగేటప్పుడు మెల్లగా మొదలుపెట్టాను. మొదలుపెట్టిన తీరు బాగాలేదని నోరు తెరిచాక గానీ తెలియలేదు.

"నువ్వు లేనన్ని రోజులు బండి ఒక్కసారి కూడా ఆగలేదు."

"అవ్. అయితే మళ్ల పోత తియ్. నువ్వూ నీ బండీ సంసారం చేసుకోండ్రి."

గుడ్డ చూపించి సంగతి చెప్పాను. ఆమె గుడ్డ వైపు చూడలేదు, నా వైపు చూసింది.

"మరి నేను లేనప్పుడు సాంపి ఎవరు చల్లిన్రు?"

"ఎవరూ చల్లలేదు."

"గందుకా! పక్కింటామె పెండ్లిలకు ఫోన్ చేసి, 'ఇంట్ల అందరు మంచిగున్నరా వదినా' అని అడిగింది. ఎందుకట్ల అడుగుతదని అనుకున్న. వాకిలి ఉత్తగ పెట్టినవా ఇన్ని రోజులు? ఎవరో పోయిన ఇల్లు లెక్క?"

ఆమె అన్నది నిజమే. మా దగ్గర పొద్దెక్కినా సాంపి పడని గుమ్మం కనిపిస్తే, ఆ ఇంట్లో మనిషి పోయారేమోనని జనం వచ్చి పలకరిస్తారు. నాకది తోచలేదు.

"పట్టాలున్న చోట ఉత్త నీళ్లు చల్లరాదూ" అన్నాను.

"ఉత్త నీళ్లు చల్లితే సాంపి ఎట్లయితది? రేపు అన్నం బదులు ఉత్త గిన్నె పెడతా, తింటవా?"

రాత్రిపూట పట్టాల మీద గోనె సంచులు కప్పి చూశాను. నీళ్లు సంచుల్లోంచి దిగి, తడి మరింత సేపు నిలిచింది. చుట్టును గుమ్మానికి దూరంగా జరపడానికి చోటు లేదు, ప్రహరీ అడ్డం. ఆ పూటే కౌలు అతను వచ్చాడు. మందు కొట్టే మిషన్‌ను భుజం మీంచి దించి అరుగు మీద పెట్టాడు.

"ఇగ దీంతోని పని లేదు పెద్దయ్యా. ఎల్లుండి నుంచి ఏరుతం. మనుషులను మాట్లాడిన. వాకిలి జల్దీ సాఫ్ చేపియ్యి."

వాకిలి అంటూ పట్టాల వైపే చూశాడు. నేను స్క్రూడ్రైవర్ తెచ్చుకుని గేటు దగ్గర మొదటి కీలు విప్పడానికి కూర్చున్నాను. మా ఆవిడ అరుగు మీద మిషన్‌ను పక్కకు జరుపుతూ అంది.

"అయినా దానికి కరెంటు కింద పట్టాల నుంచే రావాల్నా? గీ మందు మిషన్‌కు ఏ పట్టాలున్నయ్? చేనంతా తిరిగి కొట్టొస్తది."

ఎగతాళికే అంది. నేను స్క్రూడ్రైవర్ కింద పెట్టి లేచాను. ఆ మిషన్ అడుగున ఇటుకంత బ్యాటరీ ఉంటుంది. మందు జోరు పెంచడానికీ తగ్గించడానికీ ఒక మరబిళ్ల ఉంటుంది. రెండూ విప్పి ఇమ్మని కౌలు అతన్ని అడిగాను. వచ్చే పంట దాకా దాని అవసరం లేదు కాబట్టి ఒప్పుకున్నాడు. నా రైలు మూడు పెట్టెల్లో ఒకటి బొగ్గుది, బ్యాటరీ దాంట్లో పట్టింది, మరబిళ్లను దాని పక్కకు బిగించాను. హైదరాబాదుకు ఫోన్ చేసి, ఇంజనులో చక్రాల నుంచి మోటారుకు పోయే తీగలు ఏవో, వాటిని ఎట్లా విడదీయాలో అడిగాను.

"మంచి పని. పెద్ద బళ్ల వాళ్లం చాలామందిమి చివరికి బ్యాటరీకే వస్తాం" అన్నాడాయన.

"ముందే చెప్పకపోయారా?"

"మీరు పట్టాల గురించే అడిగారండీ, కరెంటు గురించి అడగలేదు."

మర్నాడు పొద్దున తడి సాంపి మీద వదిలాను. మోటారు ఆగలేదు గానీ గుమ్మం ముందు చక్రాలు జారాయి. పేడనీళ్ల మీద మన కాళ్లు జారినట్టే. మా ఆవిడ చూసి మళ్లీ లోపలికి వెళ్లింది. ఎండ వచ్చి వాకిలి ఆరాక ఇంకోసారి వదిలాను. ఈసారి జారలేదు. ఆరిన పొర చక్రానికి పట్టు ఇచ్చింది. గుమ్మం దాటింది. కానీ అప్పుడు చూడడానికి ఆమె లేదు, వంటలో ఉంది. పిలవలేదు. పోపు మాట మళ్లీ వినాలనిపించలేదు.

కాయ వచ్చిన రోజు ట్రాక్టరు కోసం గేటు దగ్గరి పట్టాలు విప్పి, బస్తాలు దిగాక మళ్లీ బిగించాను. కూలీ ఆడవాళ్లు బస్తాల మూతులు విప్పుతున్నారు. మా ఆవిడ మధ్యలో నిలబడి ఎక్కడ ఎంత మందం పొయ్యాలో చెబుతోంది. నేను మరబిళ్ల తిప్పాను. బండి గేటు దగ్గర బయల్దేరి, ప్రహరీ వెంట వచ్చి, గుమ్మం ముందు నుంచి ఆగకుండా పోయి, తులసికోట వెనకగా తిరిగి గేటు దగ్గరకు వచ్చింది. ఆడవాళ్లు పని ఆపి చూశారు.

"ఇది ఖమ్మం మార్కెట్ల దించుతదా అమ్మా కాయ?" అని ఒకామె అడిగింది.

"ఖమ్మం ఎక్కడ పోతదే! మా ఇంటాయనను ఇల్లు దాటనియ్యది, గంతే" అంది మా ఆవిడ. తర్వాత గంప పట్టుకున్న ఆమెను ఆపి, కాలితో నేల మీద గీత గీసి చూపించింది. "పట్టాల మీద పొయ్యకుండ్రి. గీడికి ఆపుండ్రి. జానెడు ఎడం ఉండాలె."

కాయ ఆ గీత దాకా పోశారు. కళ్లం ఎత్తేదాకా ఆ జానెడు ఎడాన్ని ఆమె రోజూ చీపురుతో సరిచేస్తూనే ఉంది.