కుర్చీకి రెండు సీట్లు

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకూ తెలియనక్కర్లేదు. అందుకే ఈ మాట మీకు చెప్పగలుగుతున్నాను. ఏళ్ళ తరబడి గుండెల మీద మోస్తున్న బరువు ఇది. ఇంట్లో చెప్పలేదు. నా భార్య నన్ను మంచివాడినని నమ్ముతుంది, ఆ నమ్మకం చెడగొట్టుకోవడానికి మనసొప్పలేదు. చెప్పాల్సిన మనిషికీ చెప్పలేదు. ఆమె ఇల్లు మా స్టాండుకు నాలుగడుగుల దూరమే. అంత దగ్గర కాబట్టే చెప్పలేకపోయానేమో.

అనంతపురం పక్కన ఒక ట్యాక్సీ స్టాండులో నాకు బండి ఉంది. ఏడు సీట్ల బండి. పెళ్ళిళ్ళకీ ఆసుపత్రులకీ తిరుగుతాను. స్టాండులో నా మాటకు విలువ ఎక్కువ. ఎంత అడగాలో, ఎవరితో ఎలా మాట్లాడాలో కొత్త డ్రైవర్లు నన్ను చూసి నేర్చుకుంటారు. ఆ పెద్దరికమే నా కొంప ముంచింది. లేదు, నా కొంపకు ఏమీ కాలేదు, మునిగింది వేరేవాళ్ళది. చూశారా, చెప్పడం మొదలుపెట్టానో లేదో అప్పుడే నా మీద నేను జాలిపడుతున్నాను.

ఆమె పేరు నసీమా అనుకోండి. అసలు పేరు రాయను. చిన్నప్పుడే కాళ్ళు పడిపోయాయి. చక్రాల కుర్చీలోనే తిరుగుతుంది, జాకెట్లకు మగ్గం పని చేస్తుంది. ఆమె చేతి పని కోసం గార్లదిన్నె నుంచి కూడా పెళ్ళికూతుళ్ళు వెతుక్కుంటూ వస్తారు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. వాడికి కొత్తచెరువులో సంబంధం చూసిందీ, ఫోన్లో మాట్లాడి మాట్లాడి ఖాయం చేసిందీ ఆమే. ఆ రోజు పిల్లకు పూలు పెట్టడానికి పోవాలి. వాళ్ళ ఇళ్ళల్లో అది పెళ్ళికొడుకు తల్లి చేసే పని. పిల్ల తల మీద కొత్త దుపట్టా కప్పి, పూలు పెట్టి, నోట్లో చక్కెర పెట్టాలి. తల్లి లేదు గనక అక్క పెట్టాలి. ఇదంతా బండి మాట్లాడుకున్న వాళ్ళ మేనమామ ముందురోజే మురిపెంగా నాతో చెప్పాడు. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

వాళ్ళ వీధి ఇరుకు, బండి పోదు. అందరూ స్టాండుకే వచ్చారు. మేనమామ, ఆయన భార్య, ఒక ముసలమ్మ, పొరుగింటి ఆడవాళ్ళిద్దరు, నసీమా. ఆరుగురు. నా బండికి సరిపోయే లెక్క. పండ్ల తట్టలు, మిఠాయి డబ్బాలు వెనక సర్దుతుంటే నసీమా కుర్చీ తోసుకుంటూ వచ్చి బాడుగ ఎంతకు మాట్లాడారని మామను అడిగింది. ఆయన చెప్పాడు. ఆమె నావైపు తిరిగి, గట్టిగా, మొహమాటం లేకుండా అడిగేసింది.

"ఏమన్నా, కొత్తచెరువుకే ఇంతనా? బెంగళూరుకు గాని తీసకపోతాండావా మమ్మల్ని?"

స్టాండంతా గొల్లుమంది. టీ తాగుతున్న డ్రైవర్లు కూడా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఒక ఆడమనిషి, అదీ కుర్చీలో ఉన్న మనిషి, నలుగురిలో నన్ను పలుచన చేసిందనిపించింది. 'అదీ కుర్చీలో ఉన్న మనిషి' అని రాశాను కదా, ఆ ముక్క కొట్టేద్దామనుకున్నాను. కానీ ఆ క్షణంలో నాలో ఉన్నది అదే. కుర్చీలో ఉన్నవాళ్ళు తల వంచుకుని, అన్నా నీకు పుణ్యముంటాది అని బతిమాలాలని నేను లోపల అనుకుంటూ బతికానన్నమాట. ఆమె బతిమాలలేదు. బేరమాడింది.

అప్పుడు నా నోట్లోంచి ఆ మాట ఊడిపడింది.

"ఆరుగురికి మాట్లాడిన బాడుగమ్మా అది. నీ కుర్చీకి వేరే. కుర్చీకి రెండు సీట్ల దుడ్లు ఇయ్యల్ల. రూలు."

"యాడుండాది అన్నా ఆ రూలు? చూపించు."

"ఆర్టీఓ ఆఫీసోళ్ళు పెట్టినారు. మమ్మల్నడిగితే ఏం లాభం?"

"మడిస్తే ఇంతే అయితాది కదన్నా. పైన క్యారియర్ మీద కట్టేస్తే అయిపాయ."

"పైన కడితే కేసు రాస్తారు."

అంతా అబద్ధం. ఏ ఆఫీసువాళ్ళూ ఏమీ పెట్టలేదు. క్యారియర్ మీద నేను మోయని వస్తువు లేదు. మా వైపు ఎండాకాలమంతా బోరు మోటార్లు కాలిపోతూనే ఉంటాయి. కాలిన మోటార్లు రిపేరుకు తెచ్చే రైతులు నా బండే ఎక్కుతారు. ఆ మోటారు ఇద్దరు పట్టి ఎత్తితే గాని లేవదు. దాన్ని పైకెక్కించి తాళ్ళతో బిగించడానికి నేను కూడా ఒక చెయ్యి వేసేవాణ్ణి. ఏనాడూ మోటారుకు సీటు లెక్క కట్టలేదు. కడితే వాళ్ళు ఊరుకుంటారా? మళ్ళీ నా బండి ఎక్కుతారా? మోటారు తెచ్చినవాడికి భయపడ్డాను, కుర్చీలో వచ్చినామెకు భయపడనక్కర్లేదనుకున్నాను. ఇంకేం చెప్పను.

ఆమె మామ వైపు చూసింది. ఆయన జేబు వైపు చెయ్యి పోనివ్వలేదు.

"కుర్చీకి గూడ బాడుగంటే యాడ తెచ్చేది పాపా? కుర్చీ ఈడ్నే పెట్టి రా. ఆడ ఎవురో ఒకరు ఎత్తి దించుతారు."

"కొత్త సంబంధం వాళ్ళింట్లో నన్ను మూట మాదిరి మోస్తారా మామా? యాడ పెడితే ఆడ పడుండల్లనా? ఒంటికి పోవల్లంటే ఎవురిని పిలుద్దును?"

మామ పండ్ల తట్టల వైపు తిరిగాడు. అప్పుడు నేను ఒక్క మాట అనుంటే సరిపోయేది. పోనీలేమ్మా, కట్టేస్తాలే అని. తమాషాకన్నానులే అని. మాట నాలుక చివరిదాకా వచ్చింది. డ్రైవర్లందరూ చూస్తున్నారు. ఇప్పుడు వెనక్కి తగ్గితే మళ్ళీ నవ్వుతారు. ఆ నవ్వుకు జడిసి నోరు మూసుకున్నాను. నా పరువు ఖరీదు అంత పెద్దదా? ఆ రోజు అంతే అనిపించింది.

నసీమా ఒళ్ళో ఉన్న సంచి తీసి వాళ్ళ అత్తకు ఇచ్చింది. తానే కుట్టిన దుపట్టా అందులో ఉంది. "అంచు పైకి వచ్చేట్లు కప్పు అత్తా" అని మాత్రం చెప్పి కుర్చీ తిప్పుకుంది. ఆమె కూర్చోవాల్సిన చోట పండ్ల తట్టలు పెట్టారు. నేనే సర్ది పెట్టాను, దారిలో ఒరగకుండా.

కొత్తచెరువులో నేను గడప బయట టీ తాగుతూ అంతా చూశాను. అత్త దుపట్టా కప్పింది. పిల్ల చుట్టూ చూసి "అక్క రాలేదా?" అని అడిగింది. మామ తడుముకోకుండా "ఒంట్లో బాగలేదమ్మా" అన్నాడు. పిల్ల ముఖం వాడిపోయింది. ఫోన్లో అన్ని రోజులు మాట్లాడిన మనిషిని మొదటిసారి చూడాలని ఎంత ఆశ పెట్టుకుందో ఏమో. నా చేతిలో గ్లాసు ఉంది. కాళ్ళున్నాయి, నోరుంది. లోపలికి పోయి నిజం చెప్పలేదు. టీ బాగుందని చెప్పి గ్లాసు తిరిగిచ్చాను.

అంతటితో ఆగిపోయి ఉంటే ఇది ఒక్క రోజు తప్పు అయ్యుండేది. ఆగలేదు. కొన్నాళ్ళకు మా స్టాండులోనే ఇంకో డ్రైవరు, కొడుకును కుర్చీలో తెచ్చిన ఒక తండ్రికి చెబుతుంటే విన్నాను, "కుర్చీకి రెండు సీట్లు, రూలు" అని. నా గొంతు, నా మాటలు, ఆఖరికి నేను చెయ్యి విసిరిన తీరు కూడా. తర్వాత అవతలి స్టాండువాళ్ళు అందుకున్నారు. ఆటోలవాళ్ళు అందుకున్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ నేను టైర్ల గాలి చూసుకునేవాణ్ణి, అద్దం తుడుచుకునేవాణ్ణి. నేను స్వయంగా మళ్ళీ ఎవరినీ అలా అడగలేదు. అది నా గొప్పని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. సిగ్గులేకపోతే సరి.

మొన్న ఎండాకాలంలో ఒకాయన కూతుర్ని కుర్చీలో తీసుకొచ్చాడు. ఆసుపత్రికి పోవాలి. నేను అడగకముందే బాడుగ మీద రెండు సీట్ల డబ్బు కూడా కలిపి నా చేతిలో పెట్టాడు. ఇంత వద్దన్నా, కుర్చీకి ఏమీ లేదు అని ఎక్కువైంది తిరిగివ్వబోయాను. ఆయన ముఖం మారిపోయింది. రెండు చేతులూ జోడించాడు.

"తక్కువైతే ఇంకా ఇస్తానన్నా. రానని మాత్రం అనొద్దు. ఇప్పటికే ఇద్దరు రామన్నారు."

డబ్బు వద్దంటే బండి రాదని ఆయన అనుకున్నాడు. ఇంత భయం ఆ మనిషికి ఎవరు నేర్పారు? కుర్చీ క్యారియర్ మీద కట్టి, మామూలు బాడుగకే తీసుకుపోయాను. దిగాక "నీ అంత మంచోడు దొరకడన్నా" అని దండం పెట్టాడు. ఆ దండం కాదనలేదు. తీసుకున్నాను. ఇది కూడా లెక్కలో రాసుకోండి.

మరునాడు స్టాండులో అందరి ముందూ నోరు విప్పాను. ఆ రూలు అబద్ధం, నేనే కల్పించాను, ఇక ఎవరూ తీసుకోవద్దు అన్నాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. నాకంటే తర్వాత బండి కొన్న ఒకతను పకపకా నవ్వాడు.

"నువ్వెట్ల పెడతావన్నా? అది సర్కారు రూలు. మా నాయన బండి తోలేటప్పటి నుంచీ ఉండాది."

మిగతావాళ్ళు అవునన్నారు. ఎంత చెప్పినా నమ్మలేదు. ఎండ దెబ్బ తగిలిందేమో అని ఒకతను మజ్జిగ తెప్పించాడు.

నసీమా దగ్గరికి ఇంకా పోలేదు. పోతానో లేదో మాట ఇవ్వలేను, నా మాట ఎలాంటిదో మీరు చూశారు. తమ్ముడి పెళ్ళి జరిగిందని, ఆమె, మరదలు కలిసి ఉంటున్నారని విన్నాను. దానితో నా తప్పు చెరిగిందని నేను అనుకోవడం లేదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీరు ఇవ్వగలిగింది కాదు. ఒక్కటే అడుగుతున్నాను. స్టాండులో వాళ్ళు నమ్మలేదు, మీరైనా నమ్మండి. ఆ రూలు ఎక్కడా లేదు. ఆ పూట నసీమాను రోడ్డు మీద వదిలేసి పోయినవాణ్ణి నేను.