కోదాడ బొగ్గు

మా ముత్తాత ఏడు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత ఊరి శిస్తు వసూలు చేసే మాలీ పటేలు. ఆయన గుర్రం మీద ఆత్మకూరు వైపు వస్తున్నాడంటే ఎదురొచ్చే బండ్లు దారి దిగి నిలబడేవి. మా నాయన కాలానికి గుర్రం లేదు గానీ పటేలుగిరీ ఉంది. అదీ రద్దయ్యాక, ఎనభైల చివర్లో, నేను సూర్యాపేట పొలిమేరలో రేకుల షెడ్డు వేసి బొగ్గు తయారు చేయడం మొదలుపెట్టాను. ఇస్త్రీపెట్టెలో వేసే బొగ్గు కాదు. నూనెలోని రంగును, నీళ్లలోని వాసనను పీల్చుకునే బొగ్గు. యాక్టివేటెడ్ కార్బన్ అంటారు. బంధువులు అడిగితే ఆ ఇంగ్లీషు పేరే చెప్పేవాణ్ణి.

కోదాడలో మరొకతను అదే పని చేస్తున్నాడని ఏడాది తర్వాత తెలిసింది. అతను ఎవరో తెలిసిన పూట నాకు అన్నం సహించలేదు. అతని తండ్రి మా బావి దగ్గర మోట కొట్టినవాడు. ఇతను నాలుగక్షరాలు నేర్చి, ఎక్కడో ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చి, సొంతంగా బట్టీ పెట్టుకున్నాడు.

పని చెప్పడానికి తేలికే. గోదావరి వైపు నుంచి లారీల్లో వచ్చే కొబ్బరి చిప్పలను మూత బిగించిన డ్రమ్ముల్లో, గాలి ఆడకుండా కాలిస్తే బొగ్గవుతుంది. దాన్ని బట్టీలో ఎర్రగా కాల్చి, గంటల తరబడి ఆవిరి పంపాలి. ఆవిరి బొగ్గును లోలోపల తినేస్తుంది. కంటికి కనపడని రంధ్రాలు పడతాయి. రంగు చిక్కుకునేది వాటిలోనే. తర్వాత పలుచని యాసిడ్‌తో, మంచినీళ్లతో కడిగి బూడిద వదిలించి, ఎండబెట్టి, పొడి చేసి జల్లించాలి. ఇదంతా నాకు తెలుసు. పుస్తకంలో చదివాను.

మిర్యాలగూడకు నేరుగా బస్సు ఉన్నా నేను కోదాడ మీదుగా తిరిగి పోయేవాణ్ణి. అతని షెడ్డు రోడ్డుకు కనపడేది. కింద సిమెంటు గచ్చు, ముందు రంగుల బోర్డు. పొగగొట్టం నుంచి పొగ సన్నగా, తెల్లగా లేచేది. మా పొగ నల్లగా ఊరి మీద పడేది. ఒకసారి బస్సు ఆగినప్పుడు అతని పనివాళ్లు అతన్ని సారూ అని పిలవడం విన్నాను. సూర్యాపేట చేరేదాకా ఆ పిలుపు నా చెవిలోనే ఉంది. ఇంటికొచ్చి వాళ్ల గచ్చు గురించి, బోర్డు గురించి ఏకరువు పెడుతుంటే మా ఆవిడ విసుక్కుంది.

"మీ కండ్లన్నీ ఆ పొగ మీదనే ఉన్నయి. మన బట్టీ ఎవరు చూడాలె?"

ఒకరోజు లారీ ఆఫీసులో అతని బస్తాలు కనపడ్డాయి. ఒకటి చిరిగి ఉంది. ఎవరూ చూడకుండా గుప్పెడు పొడి జేబురుమాలులో కట్టుకున్నాను. బయటికొచ్చి అరచేతిలో పోసుకుంటే ఉందో లేదో తెలియనంత తేలిక. నవ్వొచ్చింది. మేము వడ్లు పండించేవాళ్లం. కళ్లంలో తూర్పారబట్టినప్పుడు గట్టి గింజ కాళ్ల దగ్గర పడుతుంది, తాలు ఎగిరిపోతుంది. చేతిలో బరువు చూసి పంట మంచిచెడ్డలు చెప్పడం చిన్నప్పుడే నేర్పారు. కోదాడ వాడు అమ్ముతున్నది తాలు అని తేల్చుకున్నాను. ఆ రోజు కడుపునిండా తిన్నాను.

అప్పటి నుంచి మా బట్టీలో ఆవిరి తొందరగా ఆపించాను. ఎంతసేపు పంపితే బస్తా బరువు అంత తగ్గేది. మేస్త్రీ రెండుసార్లు ఇంకాసేపు పట్టిద్దామన్నాడు. తాలు చేద్దామా అని కసిరాను.

చిన్న చిన్న గిరాకీలతో మా బట్టీ నెలలో పది రోజులు కూడా వెలగడం లేదు. అప్పుడే మిర్యాలగూడలో ఒక తవుడు నూనె మిల్లువాళ్లు, నూనె రంగు విరగ్గొట్టడానికి ఏడాది పొడవునా బొగ్గు కావాలని మా ఇద్దరినీ నమూనా అడిగారు. అది దొరికితే నా షెడ్డు నిలుస్తుంది. లేకపోతే మూయాల్సిందే. ఇది అందరికీ తెలుసు, కోదాడ అతనికి కూడా.

నమూనా ఇవ్వడానికి వారం ముందు అతను స్కూటరు మీద మా షెడ్డుకు వచ్చాడు. నేను కుర్చీ చూపించలేదు. నిలబడే మాట్లాడాడు. ఆంధ్రా పొలిమేరలోని కోదాడ పోయి నాలుగేళ్లు కాలేదు, మాట చివర అండి తగిలించడం నేర్చాడు.

"అన్నా, ఆవిరి జర ఎక్కువసేపు పట్టియ్యండి. బరువు పోతే పోనీయండి. పోతేనే పనిచేస్తదండి."

అతని తండ్రి మా నాయనను దొరా అని తప్ప పిలిచి ఎరుగడు. ఇతను నన్ను అన్నా అన్నాడు. ఆ ఒక్క మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. నా సరుకు సగం తగ్గించి నన్ను ముంచడానికే వచ్చాడనుకున్నాను.

"నీ తాలు నువ్వే అమ్ముకోరా. మా ఇంట్ల గట్టి గింజనే ఉంటది."

అతను కాసేపు మా బట్టీ వైపు చూసి, వస్తానండి అని వెళ్లిపోయాడు.

మిల్లులో కెమిస్టు మా ఇద్దరి ఎదుటే రెండు గాజు గ్లాసుల్లో నూనె వేడిచేసి, ఒక్కో చెంచా పొడి వేసి, కలిపి, వడపోత కాగితంలోంచి దించాడు. అతని నూనె వరిగడ్డి రంగులో తేటగా దిగింది. నాది టీ డికాక్షన్‌లాగే ఉండిపోయింది.

"పటేల్ గారూ, మీది ఇంకా ఉత్త బొగ్గే. సగంల ఆపేసిండ్రు," అన్నాడు కెమిస్టు.

కోదాడ అతను నా వైపు చూడలేదు. నేను చెప్పలేదా అని ఒక్క మాట అన్నా బాగుండేది, కోపం తెచ్చుకునేవాణ్ణి. గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. ఆ మర్యాద ఎక్కడ నేర్చాడో గానీ, అతని తేట నూనె కంటే అదే నన్ను ఎక్కువ కాల్చింది. బయట స్కూటరు తీసి బస్టాండు దాకా దింపుతానన్నాడు. పని ఉందని చెప్పి ఎండలో నడిచి వెళ్లాను.

ఆ ఎండాకాలం గడవకముందే షెడ్డు రేకులు ఊడదీయించి విడిగా అమ్మాను. బట్టీ, బాయిలరు, డ్రమ్ములు, జల్లెడలు కోదాడ అతనే కొన్నాడు.