తప్పు లేని ఆరు స్లైడ్లు

2004 జూన్‌లో నన్ను ప్రత్తిపాడు వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ల్యాబ్ టెక్నీషియన్‌గా వేశారు. అంతకు ముందు ఆరేళ్లు వినుకొండ దగ్గర పనిచేశాను. ఊరి పేరు రాయను. ఇందులో వచ్చే మనుషులు, వాళ్ల బంధువులు ఇంకా అక్కడే ఉన్నారు. పేర్లు కూడా మార్చాను.

నేను ఈ ఉద్యోగంలోకి డిగ్రీ పట్టుకుని రాలేదు. పదో తరగతి మీద అటెండరుగా చేరి, సీసాలు కడుగుతూ పని నేర్చుకుని, ముప్పై దాటాక పరీక్ష కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. నిఘంటువు పక్కన పెట్టుకుని పాథాలజీ పుస్తకం చదివినవాణ్ణి. అందువల్ల నాకు కొంచెం పొగరు, కొంచెం ఉక్రోషం ఉండేవి. రెండోది ఇప్పటికీ ఉంది.

మా కేంద్రంలో క్షయ అనుమానం ఉన్నవాళ్ల కళ్లె పరీక్ష చేసేవాళ్లం. ఒక్కొక్కరికి మూడు నమూనాలు. వచ్చిన రోజు అప్పటికప్పుడు ఒకటి, మర్నాడు పొద్దున ఇంటి దగ్గర పట్టి తెచ్చేది ఒకటి, అది తెచ్చినప్పుడు మా దగ్గరే మరొకటి. గాజు పలక మీద కళ్లె పూసి, ఆరబెట్టి, ఎర్ర రంగు పోసి, ఆవిరి వచ్చేదాకా కింద మంట చూపించాలి. తరవాత యాసిడ్‌తో కడగాలి. మిగతావన్నీ రంగు వదిలేస్తాయి, క్షయ క్రిమి వదలదు. దానికి మైనపు కోటు ఉంటుంది. ఆఖరున నీలం రంగు. అప్పుడు మైక్రోస్కోపులో నీలం నేల మీద ఎర్రటి పుల్లల్లా కనపడతాయి. నెగటివ్ అని రాయాలంటే కనీసం వంద చోట్ల వెతికి చూడాలి. ఇరవై చోట్ల చూసి సంతకం పెట్టేవాళ్లు నాకు తెలుసు. నేను వంద చూసేవాణ్ణి, వేళ్లు మడుస్తూ. మా స్లైడ్లలో కొన్నిటిని జిల్లా సూపర్‌వైజర్ తీసుకెళ్లి మళ్లీ చదివేవాడు. నా చదువుకీ ఆయన చదువుకీ తేడా ఒక్కసారి కూడా రాలేదు.

2005 ఫిబ్రవరిలో సువార్తమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లు ఉంటాయి. మిరపకాయలకు తొడిమలు తీసే పని. భర్త మిర్చి బస్తాలు మోసేవాడు, రెండేళ్ల కిందట పోయాడు. కామెర్లని చెప్పారు. వెంట అత్త దీనమ్మ వచ్చింది. మాట కటువు, గొంతు పెద్దది. కోడలి కళ్లె కప్పు తనే పట్టుకుని నిలబడింది.

మా ప్రాంతంలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఎవడు దగ్గుతున్నాడని అడగటం దండగ. ఎవడు దగ్గట్లేదని అడగాలి. కల్లాల్లో కాయ ఎండుతుంటే రోడ్డున పోయేవాడికి కూడా గొంతులో గరగర. అందుకని మూడు వారాల దగ్గు ఉంటే పరీక్ష చేయించాలన్న నియమాన్ని ఆ మూడు నెలలూ ఎవరూ లెక్కపెట్టరు. సువార్తమ్మ దగ్గు సంక్రాంతికి ముందు నుంచే ఉందిట. సాయంత్రం జ్వరం. తిండి సయించదు.

మూడు స్లైడ్లూ చూశాను. నెగటివ్. నియమం ప్రకారం రెండు వారాలు మామూలు యాంటీబయాటిక్ ఇచ్చారు. దగ్గు తగ్గలేదు. మళ్లీ మూడు తీశాను. నెగటివ్. గుంటూరులో ఎక్స్‌రే తీయించారు, చెప్పుకోదగ్గ మచ్చ లేదు. ముంజేతికి మాంటూ సూది వేశారు. క్షయ క్రిమి సారాన్ని చుక్కంత చర్మంలోకి ఎక్కించి, మూడో రోజు ఎంత గట్టి పొంగు వచ్చిందో కొలుస్తారు. పొంగు లేదు సరికదా, ఎర్రదనం కూడా లేదు. అప్పుడున్న ఇన్‌ఛార్జి డాక్టరు చీటీ మీద మిరప దుమ్ము ఎలర్జీ అని రాసి దగ్గు మందు ఇచ్చాడు. దీనమ్మ ఆ చీటీ నా దగ్గరికి తెచ్చి, టీబీ గాదు గదా సారూ అని అడిగింది. లేదమ్మా, ఆరుసార్లు చూశాను, నిశ్చింతగా పొండి అన్నాను. ఆ మాట అన్నప్పుడు నేను కుర్చీలో ఎలా కూర్చున్నానో కూడా గుర్తుంది.

మార్చి ఆఖరున సూపర్‌వైజర్ తీసుకెళ్లిన స్లైడ్లలో సువార్తమ్మవి రెండు ఉన్నాయి. సరిగ్గా చదివారు అని రాసి పంపాడు.

ఏప్రిల్‌లో వాళ్లు మళ్లీ వచ్చారు. ఆటోలోంచి కోడల్ని దాదాపు ఎత్తుకుని దించింది దీనమ్మ. మెడ చుట్టూ కొంగు కప్పుకుని ఉన్న ఆ మనిషిని నేను మొదట గుర్తుపట్టలేదు. రెండు నెలల్లో సగమైంది. బల్ల మీద పాత చీటీ పెట్టి దీనమ్మ అన్నది:

“ఏమయ్యా, నీ అద్దంలో లేకపోతే దీని ఒంట్లో లేనట్టేనా?”

నాకు కోపం వచ్చింది. అప్పటికి ఇరవై మూడేళ్ల సర్వీసు. నా స్లైడు తప్పని ఎవడూ అనలేదు. రిజిస్టరు తీసి ఆమెకు చూపించబోయాను. అక్షరం రాని మనిషికి రిజిస్టరు చూపించబోయానంటే నా తెలివి ఏ స్థాయిలో ఉందో చూడండి. ఆమె దాని వంక కూడా చూడలేదు. కోడలికి మంచినీళ్లు పట్టింది. రెండు గుక్కలు మింగటానికి ఆ పిల్ల పడ్డ అవస్థ నేను చూశాను. నోరు తెరిచినప్పుడు నాలుక మీద పెరుగు అంటుకున్నట్టు తెల్లటి పూత కనపడింది.

ఆ పూత గురించి చదివాను. ఎక్కడో గుర్తు రాలేదు. అట్టలు ఊడిన నా పాథాలజీ పుస్తకం అలమరాలోనే ఉంది. వాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టి పేజీలు తిప్పాను. పూత సంగతి దొరికింది. ఒంట్లో తట్టుకునే శక్తి బాగా పడిపోయినవాళ్లకు వస్తుంది. దాని కిందే ఇంకో సంగతి దొరికింది. దాన్ని అంతకు ముందు నాలుగుసార్లు చదివి ఉంటాను, ఒక్కసారీ అర్థం కాలేదు.

క్షయలో ఊపిరితిత్తికి పడే బొక్క క్రిమి ఒక్కటే పొడిచింది కాదు. క్రిమితో పోట్లాడబోయి మన ఒళ్లు తనను తానే కాల్చుకున్న చోటు అది. ఆ బొక్కలోంచే క్రిములు వేలకు వేలు కళ్లెలోకి దిగుతాయి, నా స్లైడు మీదికి వస్తాయి. ఎక్స్‌రేలో మచ్చ కూడా ఆ పోట్లాటదే. మాంటూ పొంగు కూడా ఆ పోట్లాటదే. అసలు పోట్లాడే శక్తే లేని ఒంట్లో బొక్క పడదు, మచ్చ రాదు, పొంగు రాదు. క్రిమి ఏ అడ్డూ లేకుండా ఒళ్లంతా తిరుగుతుంది. అంటే మేము చేసిన మూడు పరీక్షలూ రోగి బలాన్ని సాక్ష్యం అడిగాయి. బలం లేని మనిషి దగ్గర సాక్ష్యం ఎక్కడిది? జబ్బు ఎంత ముదిరితే మా కాగితాలు అంత శుభ్రంగా ఉంటాయి.

ఇన్‌ఛార్జి డాక్టరు బదిలీ అయి, ఆ వారమే ఒక కొత్త డాక్టరమ్మ చేరింది. చిన్న వయసు. నేను పుస్తకం పట్టుకుని ఆమె గదిలోకి వెళ్లాను. ఇంతకు ముందు ఇలా వెళ్లినప్పుడు నీ పని నువ్వు చూసుకో అన్న డాక్టర్లు ఇద్దరున్నారు, వాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే. ఈమె పేజీ చదివి, లేచి వచ్చి, సువార్తమ్మ మెడ మీది కొంగు తీయించింది. కుడి పక్కన నిమ్మకాయంత గడ్డ, దాని మీద సున్నం, బెల్లం కలిపి వేసిన పట్టు. ఫిబ్రవరిలో కూడా ఉందా అని అడిగింది. చిన్నదిగా ఉందని దీనమ్మ చెప్పింది. మరి అప్పుడు చెప్పలేదేమని నేను అడిగాను. దగ్గు గురించి అడిగారు, దగ్గు గురించి చెప్పాం అన్నది.

డాక్టరమ్మ పట్టు కడిగించి, గడ్డలోంచి సిరంజితో కొద్దిగా చీము లాగి నా చేతికిచ్చింది. అదే ఎర్ర రంగు, అదే యాసిడ్, అదే నీలం. వంద చోట్ల వెతకాల్సిన పని పడలేదు. మొదటి చూపులోనే కుప్పలు. అన్ని క్రిములు ఒక్క చోట నేను అంతకు ముందు చూడలేదు, తరవాతా చూడలేదు. వాటిని అడ్డుకున్న జాడ చుట్టూ ఎక్కడా లేదు. రిజిస్టరులో కళ్లెకు తప్ప మెడ గడ్డకు గడి లేదు. పక్కన మార్జిన్‌లో రాశాను. మార్జిన్‌లో ఎందుకు రాశావని తరవాత పై నుంచి ఒక సంజాయిషీ నోటీసు వచ్చింది. ఆరు నెగటివ్‌ల మీద మాత్రం ఏ నోటీసూ రాలేదు.

క్షయ మందులు ఆ రోజే మొదలయ్యాయి. ఆరోగ్య కార్యకర్త కళ్లెదుట, రోజు విడిచి రోజు మింగాలి. ఒక్కో రోగి పేరు మీద ఒక డబ్బా ఉంటుంది. డాక్టరమ్మ సువార్తమ్మను ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడి, ఆమె ఒప్పుకున్నాక హెచ్‌ఐవీ పరీక్షకు పంపింది. ఉందని తేలింది. గుంటూరులో సీడీ4 లెక్క కట్టారు. ఒంట్లో కాపలా కాసే కణాల లెక్క అది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు వందల్లో ఉండాలి. ఆమెకు నలభై ఒకటి. ముందు క్షయ మందు కుదురుకోనిచ్చి, తరవాత హెచ్‌ఐవీ మందు మొదలుపెట్టడం అప్పటి పద్ధతి. జూన్ నాటికి జ్వరం పోయింది, గడ్డ సగం తగ్గింది. చేపల పులుసు అడిగి తిన్నదని దీనమ్మ దారిలో వాళ్లకీ వీళ్లకీ చెప్పింది. జూన్ ఆఖరున గుంటూరులో రెండో మందు మొదలైంది.

జులైలో ఒక పొద్దున దీనమ్మ వచ్చి ఆ డబ్బా నా బల్ల మీద పెట్టింది. కొత్త మాత్రలు మొదలైన మూడో వారానికే జ్వరం తిరిగొచ్చింది, గడ్డ ముందుకంటే పెద్దదై పగిలింది, దగ్గు ఎక్కువైంది. అయిదు రోజులుగా రెండు మందులూ ఆపేశారు. డబ్బా నువ్వే ఉంచుకో అని చెప్పి వెళ్లిపోయింది. డాక్టరమ్మ గుంటూరుకు ఫోన్ చేసి మాట్లాడింది. కాపలా తిరిగొచ్చినప్పుడు కొందరికి ఇలా అవుతుందిట, ఇంకేదైనా జబ్బేమో కూడా చూడాలి, మనిషిని వెంటనే తీసుకురావాలి, మందు ఆపితే మాత్రం బతకదు అని చెప్పింది. ఆరోగ్య కార్యకర్త అప్పటికే రెండుసార్లు వెళ్లి తిట్లు తిని వచ్చాడు. ఇళ్లకు వెళ్లడం నా ఉద్యోగం కాదు. అయినా డబ్బా పెట్టింది నా బల్ల మీద.

చర్చి వెనక వీధిలో ఇల్లు. వసారాలో సువార్తమ్మ చాప మీద పడుకుని ఉంది. దీనమ్మ ముందు మిరపకాయల కుప్ప. తొడిమలు తీయటానికి కోల్డ్ స్టోరేజీ వాళ్లిచ్చిన కాయ. నన్ను చూడగానే కుప్పను రెండు చేతులా అటూ ఇటూ తిరగేసింది, రావద్దని చెప్పినట్టు. ముగ్గురం దగ్గాం. దగ్గు తగ్గాక అడిగాను.

“దీనమ్మా, నేను వచ్చేటప్పటికి ఘాటు ఎక్కడుంది?”

“కాయలోనే. ఎక్కడికి పోయిద్ది?”

“మరి దగ్గు ఇప్పుడెందుకొచ్చింది?”

“కదిలించాను గనక.”

నీ కోడలి ఒంట్లో కూడా అదే జరిగింది అన్నాను. ఇన్నాళ్లూ క్రిమి లోపల ఊరికే పడి ఉంది, దాన్ని కదిలించే దిక్కు లేదు, కాబట్టి ఇంత జ్వరం లేదు, ఇంత వాపు లేదు. కొత్త మందుతో కాపలా లేచింది. లేచి, చచ్చిన క్రిమినీ మిగిలిన క్రిమినీ తిరగేస్తోంది. ఈ జ్వరం దాని ఘాటు. నాకు తెలిసినంతలో చెప్పాను. దీనమ్మ తొడిమలు తీయటం ఆపలేదు. చాప మీంచి సువార్తమ్మ అన్నది:

“సారూ, మీరే గదా అప్పుడు లేదన్నది.”

గొంతులో నిష్ఠూరం కూడా లేదు. నిజంగానే అడిగింది.

“అవునమ్మా. నాకు కనపడలేదు. కనపడలేదని చెప్పాల్సింది పోయి లేదని చెప్పాను. అది నా తప్పు. ఇప్పుడు చెప్పేది డాక్టరమ్మ మాట. వచ్చి ఆమెనే అడుగు.”

“ఎన్నాళ్లుంటది ఈ ఘాటు?”

“నాకు తెలియదు. వారాలు పట్టొచ్చు అంది.”

ఆమె మోచేయి ఆనించి లేచి కూర్చుంది. తరవాత, అత్తా ఆటోని పిలువు అన్నది. దీనమ్మ చేతులు దులుపుకుని లేచి, నా పక్కనుంచి పోతూ, ఈసారి గూడా తప్పు చెప్పావంటే నీ అద్దం పగలగొడతా అన్నది. ఒప్పుకున్నాను.

డాక్టరమ్మ ఆమెను గుంటూరు పంపింది. ఇంకో జబ్బు లేదని చూశాక రెండు మందులూ మళ్లీ మొదలుపెట్టి, వాపు తగ్గటానికి కొద్దిరోజులు మరో మాత్ర కలిపారు. అయిదు వారాలకు జ్వరం పోయింది. గడ్డ మానటానికి దసరా దాటింది. మచ్చ ఉండిపోయింది. క్షయ మందు గడువు పూర్తి చేసింది, హెచ్‌ఐవీ మందు కొనసాగించింది. నేను రిటైరైన 2009లో ఆమె ముక్కుకు గుడ్డ కట్టుకుని తొడిమల పనికి వెళ్తూనే ఉంది.

2005కి గాను తప్పు లేని ల్యాబ్ అని నాకొక ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆరు స్లైడ్లూ ఇప్పుడు తీసి చదివినా నెగటివే. చదవటంలో తప్పు లేదు. అడగటంలో ఉంది. బలహీనుడి ఒంట్లో జబ్బు బలవంతుడి ఒంట్లోలా కనపడదు. హెచ్‌ఐవీ ఒక్కటే కాదు, ముదిరిన షుగరు, నెలల తరబడి వేయించుకున్న స్టెరాయిడ్ ‘బలం సూదులు’, చాలీచాలని తిండి, అన్నీ కాపలాను కుంగదీసేవే. ఆ తరవాత నాలుగేళ్లు రెండు పనులు మానలేదు. కళ్లె కప్పు ఇచ్చే ముందు మనిషిని కిటికీ దగ్గర నిలబెట్టి నోరు, మెడ చూసేవాణ్ణి. మూడు నెగటివ్‌లు వచ్చి చిక్కిపోతున్న మనిషిని బయటి గేటు వైపు కాకుండా డాక్టరు గది వైపు పంపేవాణ్ణి. ఈ రెండు పనులకూ రిజిస్టరులో గడి లేదు. మార్జిన్‌లోనే రాశాను.