తొమ్మిది గొలుసుల దూరం

నా చిన్నప్పుడు అమ్మ నా మీద చెయ్యి చేసుకున్నది ఒక్కసారే. ఎండబోసిన జొన్నలకు నన్ను కాపలా పెట్టి కూలికి పోయింది. నేను అష్టాచెమ్మా ఆటలో పడ్డాను, మేకలు వచ్చి సగం మేసేశాయి. మధ్యాహ్నం ఎండలో ఇంటికి చేరిన అమ్మ చెంప మీద ఒక్కటిచ్చి, "ఏడికన్న పో, నా కండ్ల ముందట ఉండకు" అన్నది. అలసిన మనిషి మాట అది. నేను నిజమే అనుకుని మంచాల అనే ఊళ్ళో ఉన్న అమ్మమ్మ ఇంటికి బయలుదేరాను. ఇక మా ఇంటి గడప తొక్కకూడదనుకున్నాను.

ఇబ్రహీంపట్నం దగ్గరి మా ఊరి వెనక ఒక గుట్ట, దాన్ని చుట్టుకుని బండ్ల బాట. అది ఎటు పోతుందో ఎవరినీ అడగలేదు, అడిగితే అలక బయటపడుతుందని. ఏడుస్తూ కొంత, ఏడుపు అయిపోయాక ఊరికే కొంత, పొద్దు వాలేదాకా నడిచాను. కాళ్ళు బొబ్బలెక్కాయి. చివరికి ఒక కందిచేను పక్కన హద్దురాయి మీద కూలబడ్డాను.

అక్కడ మా పక్కింటి తాత గొలుసు చుట్టుకుంటున్నాడు. భూములు కొలిచే సర్వేయరు వెంట గొలుసు లాగడం ఆయన పని. నా మొహం చూశాడు గానీ ఏం జరిగిందని అడగలేదు. ఎందాక వచ్చానని మాత్రం అడిగాడు.

"మస్తు దూరం వచ్చిన తాతా. మంచాల దగ్గరికే వచ్చిన కావచ్చు."

ఆయన నవ్వలేదు. "గట్లనా? మీ ఇంటికాడికి ఎన్ని గొలుసులైతదో కొలుద్దాం. జర గీ కొస పట్టు."

కొలిచి కొలిచి తాతే అలసిపోతాడనుకుని పట్టుకున్నాను. ఆయన ముందు, నేను వెనక. కంది సాళ్ళ మధ్య నుంచి, ఎండిన వాగు దాటి, మళ్ళీ కంది. గొలుసు బిగిసిన చోటల్లా నేలలో ఒక మేకు గుచ్చేవాడు. బాట వంకర పోయినా గొలుసు వంకర పోదు. కంది నాకంటే ఎత్తు, అవతల ఏముందో కనబడలేదు. తొమ్మిదో గొలుసు మా పెరటి గోడ దగ్గర ఆగింది.

"కాళ్ళు నడిచిందంతా దూరమే బిడ్డా," అన్నాడు తాత. "గానీ ఇంటికాడ్నుంచి నువ్వు జరిగింది గింతే."

సిగ్గుతో మళ్ళీ ఏడుపొచ్చింది. గోడకు ఆనుకుని అమ్మ మడమలోని ముల్లు తీసుకుంటోంది. మంచాల రోడ్డు వెంట సగం దాకా పోయి, కనబడిన ప్రతివాళ్ళనూ అడిగి, నేను దొరకక తిరిగొచ్చిందట. నన్ను చూసి లేవబోయింది, లేవలేకపోయింది.

"కోపంల అన్న గాని, నిజంగ పొమ్మన్ననా బిడ్డా?" అంటూ ఒళ్ళోకి లాక్కుంది.

తర్వాత నేను సైన్సు టీచరునయ్యాను. స్థానభ్రంశం పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద గుట్ట గీసి, బాటను వంకరగా, గొలుసును తిన్నగా గీసేదాన్ని. పిల్లలకు ఇట్టే అర్థమయ్యేది. బయలుదేరిన చోటికే తిరిగొస్తే స్థానభ్రంశం సున్నా అనే లెక్క దగ్గర మాత్రం నా చెయ్యి ఆగేది. ఆ రోజు అమ్మ నడకకు పుస్తకం ఇచ్చే జవాబు సున్నానే. లెక్కలో తప్పేమీ లేదు.

ఇప్పుడు నా మోకాళ్ళు అరిగిపోయాయి, గేటు దాకా నడిస్తే ఆయాసం. సాయంత్రం కోడలు ఆదిభట్ల నుంచి కంపెనీ బస్సులో వచ్చి, పొద్దున దాటిన గుమ్మంలోనే మళ్ళీ అడుగుపెడుతుంది. రోజంతా ఏం చేశావని నేను అడగను. కుర్చీ ముందుకు జరిపి, ముందు ఆ పిల్ల కాళ్ళు చూస్తాను.