ఎర్ర కారుకు చలికాలపు చక్రాలు

మా మనవరాలు కారు కొన్న సంగతి నాకు ఫోనులో ఎవరూ చెప్పలేదు. అమెరికాలో నోవై అనే ఊళ్ళో ఉన్న మా అమ్మాయి ఇంటికి చేరి, గరాజు తలుపు పైకి లేస్తుంటే చూశాను. ఎర్రగా, నేలకు అంటుకుపోయినట్టు, రెండే తలుపులతో ఉంది. ఎవరిదని అడిగితే, నీ మనవరాలిదేనమ్మా, తన జీతంతో కొనుక్కుంది అని మా అమ్మాయి చెప్పింది. అందులో కూర్చోవాలంటే ముందు వంగాలి, తరువాత ఒరగాలి. దిగేటప్పుడు ఎవరైనా చెయ్యి అందించాలి. ఇంత డబ్బు పోసి నేల మీద కూర్చోవడమేమిటని అన్నాను. అన్నానే గాని, ఇరవై మూడేళ్ళ పిల్ల ఎవరినీ అడగకుండా తన కష్టంతో కొనుక్కున్న బండి కదా అని, ఎవరూ చూడకుండా ఒకసారి దాని మీద చెయ్యి వేసి చూశాను.

మనవరాలు కార్లకు బ్రేకులు చేసే కంపెనీలో ఇంజనీరు. ఆ కారులోనే రోజూ ఆఫీసుకు వెళ్ళి వస్తుంది. ఎండాకాలమంతా బాగానే నడిచిందట. నవంబరులో మొదటి మంచు పడింది. రోడ్డు మీద నుంచి గరాజుకు ఎక్కే దారి ఆ ఇంటికి బాగా ఏటవాలు. సగం దాకా వచ్చి కారు ఆగిపోయింది. వెనక చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగాయి, తరువాత బండి మెల్లగా వెనక్కి జారింది. మంచు తీసే బండ్లు వస్తాయి కాబట్టి రోడ్డు మీద వదలడానికి వీల్లేదు. ఎదురింటివాళ్ళను బతిమాలి వాళ్ళ దారిలో పెట్టి వచ్చింది.

మా అల్లుడు మంచివాడే, కాని ఆయన మాట ఒకటే మాట. భోజనాల దగ్గర కూతురితో అన్నాడు:

"ఇది కాలిఫోర్నియాలో తిప్పుకునే కారు నాన్నా. ఇక్కడ సేఫ్ కాదు. ఈసారి పెద్ద మంచు పడ్డప్పుడు దానంతట అది గరాజుకు ఎక్కకపోతే అమ్మేద్దాం. నా కార్ లాంటిది తీసుకో, నాలుగు చక్రాలూ లాగుతాయి."

"ఎక్కితే?"

"ఎక్కితే మళ్ళీ ఆ మాట ఎత్తను."

పిల్ల తల వంచుకుని అన్నం కెలికింది. అల్లుడికి ఎదురు కూర్చుని వాదించే అలవాటు మా ఇళ్ళల్లో లేదు. చెప్పవలసింది ఉంటే అమ్మాయితో, ఆయనకు వినబడేలా చెప్పాలి.

మర్నాడు మనవరాలే చెప్పింది, చలికాలానికి వేరే టైర్లు ఉంటాయని. ఎండాకాలపు రబ్బరు చలికి రాయిలా బిగుసుకుపోతుందట. ఇవి మెత్తగానే ఉండి మంచును పట్టుకుంటాయట. నాలుగు కొనాలి అంది. టైర్ల విషయంలో నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర లేదని నా నమ్మకం. మా ఆయనకు సైకిలు షాపు ఉండేది. ఆయన భోంచేసి కునుకు తీసే రెండు గంటలూ షాపులో నేను కూర్చునేదాన్ని. చదివింది మూడో తరగతే గాని, ట్యూబు నీళ్ళలో ముంచి బుడగ చూసి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి ప్యాచీ వేయడంలో మా ఆయన కన్నా నాదే గట్టి చెయ్యి. మా షాపులో రెండు టైర్లూ ఒకేసారి మార్చుకున్న మనిషిని నేను చూడలేదు. అరిగిందే మార్చుకునేవాళ్ళు. అందుకని, ఈ బండిని తోసేది వెనక చక్రాలే కదా, నాలుగెందుకు, వెనకకు రెండు చాలు అన్నాను.

అది నాతో వాదించలేదు. ఆదివారం పొద్దున ఖాళీగా ఉన్న ఒక పెద్ద పార్కింగ్ స్థలానికి తీసుకెళ్ళింది. నేల మీద పల్చగా మంచు ఉంది. మనిషి నడిచేంత మెల్లగా కారు పోనిచ్చింది.

"అమ్మమ్మా, ఇప్పుడు లెఫ్ట్ తిప్పుతున్నా, చూడు."

స్టీరింగు పూర్తిగా తిప్పింది. కారు మాత్రం వినలేదు, తిన్నగానే పోయింది.

"తిప్పావుగా, అది తిరగదేమే?"

"అదే కదా. బ్యాక్ టైర్లు తోస్తాయి. టర్న్ అయ్యేది ఫ్రంట్‌వే. బ్రేక్ వేస్తే ఎక్కువ పని చేసేది కూడా ఫ్రంట్‌వే. వెనక రెండే మారిస్తే ఎక్కుతాను, కానీ తిరగలేను, ఆగలేను."

నా లెక్క తప్పు. సైకిలు పడితే మోకాలు చీరుకుపోతుంది. ఈ బండి జారితే పోయేది మోకాలు కాదు. "నాలుగే కొను" అన్నాను.

తరువాతి ముచ్చట చక్రాలు, అంటే టైర్లు ఎక్కించే రిమ్ములు. ఉన్న చక్రాలకే ఏటా టైర్లు మార్పించుకుంటే ఇప్పటికి ఖర్చు తక్కువ. నేనే వద్దన్నాను. టైరు ఊడదీసిన ప్రతిసారీ రిమ్ము మీద గీత పడుతుంది, టైరు అంచు దెబ్బ తింటుంది. నాలుగు చక్రాలు వేరే ఉంటే అవీ ఇవీ రెండూ ఎక్కువ కాలం వస్తాయి. మా మనవరాలు నా వంక కొత్తగా చూసింది. దానికి ఇంకో బెంగ ఉంది. చక్రం ఒక అంగుళం చిన్నది తీసుకుంటే టైరు సన్నగా, ఎత్తుగా వస్తుంది. సన్నటిది మంచును కోసుకుని కిందికి దిగుతుంది, గోతిలో పడ్డా రిమ్ము వంగదు. కాని కారు అందం పోతుంది. నాలుగు నెలలు బురదమంచులో తిరిగే చక్రానికి అందమెందుకే అన్నాను. అయితే ఇంకో అంగుళం కూడా తగ్గించి చవకవి తీసుకోమన్నాను. అలా కుదరదట, లోపల బ్రేకుకు రాసుకుంటుందట. బ్రేకుల సంగతి దానికే తెలుసు కాబట్టి ఊరుకున్నాను.

అలాంటి కారే కొన్నాళ్ళు వాడి అమ్మేసిన ఒక అమెరికన్ పెద్దాయన, చలికాలపు టైర్లతో సహా నాలుగు చక్రాలు అమ్ముతానని ఇంటర్నెట్లో పెట్టాడు. మా అమ్మాయి వ్యాను తీసుకుని వెళ్ళాం. చీర మీద రెండు స్వెట్టర్లు, పైన అల్లుడి పాత కోటు, కాళ్ళకు మంచుబూట్లు వేసుకుని నేనూ దిగాను. ఆయన గరాజు అద్దంలా తుడిచి ఉంది. చక్రాలు గోడకు ఆనించి ఉన్నాయి. సరిగ్గా మేం అనుకున్న కొలతే. టైర్ల మీద గాడులు లోతుగా, కొత్తవాటిలా ఉన్నాయి. పిల్ల ముఖం వెలిగిపోయింది. ధర కూడా తక్కువే. అంత తక్కువ ధర విని నాకూ సంతోషమే అయింది.

అయినా చెయ్యి ఊరుకోదు. మా షాపులో ఏళ్ళ తరబడి కొక్కేనికి వేలాడిన టైరు పైకి నిగనిగలాడేది. మా ఆయన బొటనవేలి గోరు దిగేసి చూసేవాడు. ప్రాణమున్న రబ్బరైతే గోరు లోపలికి దిగి, తీయగానే గుర్తు మాయమవుతుంది. నేను వంగి గోరు నొక్కాను. దిగలేదు. నాలుగింటికీ నొక్కాను. పట్టు కోసం టైరు మీద కోసిన సన్నటి చీలికలను వేళ్ళతో విడదీస్తే అడుగున వెంట్రుకల్లాంటి పగుళ్ళు.

"ఈ రబ్బరులో ప్రాణం లేదే" అన్నాను.

"అమ్మమ్మా, ప్లీజ్. ట్రెడ్ చూడు, ఆల్మోస్ట్ న్యూ."

"పైన చూడకు. గోరు పెట్టి చూడు."

పెద్దాయన ముందు అది కాస్త సిగ్గుపడింది, కాని నొక్కింది. తరువాత ఏదో గుర్తొచ్చినదానిలా మోకాళ్ళ మీద కూర్చుని, ఫోను వెలుగులో టైరు పక్క భాగం మీద అంకెలు వెతికింది. నాలుగంకెల్లో మొదటి రెండూ టైరు చేసిన వారం, చివరి రెండూ ఏడాది అట. అంకెలు నాకూ వచ్చు. చివరివి సున్నా, అయిదు. మేం వెళ్ళింది రెండువేల పదకొండులో, అంటే వాటికి అప్పటికే ఆరేళ్ళు నిండాయి. ఇంజనీరు చూడడం మరిచిపోయిందన్న మాట నేను అనలేదు, తనే ఆ మాట అనుకుని పెదవి కొరుక్కుంది.

వెళ్ళిపోదాం పద అంది. నేను కదల్లేదు. చక్రాలకేమైంది, టైర్లకు విలువ కట్టకుండా చక్రాలకే ధర చెప్పమను అన్నాను. మనవరాలు ఇంగ్లీషులో చెప్పింది. పెద్దాయన నన్ను చూశాడు, తన గోరు టైరుకు నొక్కి చూసుకున్నాడు, గట్టిగా నవ్వాడు. ఇన్నేళ్ళు కార్లు నడిపాను, ఇలా నొక్కి చూడాలని తోచలేదు అన్నాడట. ఆయన ఒప్పుకున్న ధరకు ఆ ఊళ్ళో ఒక చక్రమైనా కొత్తది రాదు.

టైర్లు మటుకు షాపులో కొత్తవే కొన్నాం. బిగించే ముందు నాలుగింటి మీదా గోరు నొక్కాను, అంకెలు చదివించాను. ధర విని బేరమాడలేదు. నా జీవితంలో అలాంటి సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇంటికి తెచ్చాక చక్రాలు కారుకు ఎక్కించింది మనవరాలే. జాకీ పెట్టి లేపి, నట్లు విప్పి నా చేతిలోని స్టీలు పళ్ళెంలో వేసింది. బిగించేటప్పుడు వరసగా కాక ఒకటి వదిలి ఎదురుది బిగించింది. చక్రం సమంగా కూర్చోవడానికి అలా చేయాలని నాకు తెలుసు. దానికీ తెలుసని చూసి నాకు గర్వం వేసింది.

డిసెంబరులో ఒక రోజు మధ్యాహ్నం మొదలైన మంచు సాయంత్రానికి జానెడు పేరుకుంది. నేను కిటికీ దగ్గరే నిలబడ్డాను. మా అమ్మాయి పొయ్యి మీద కూర వదిలేసి వచ్చి నా పక్కన నిలబడింది. ఎర్ర కారు మలుపు తిరిగింది. దారి ఎక్కడం మొదలుపెట్టింది. సరిగ్గా సగంలో, మునుపు జారినచోటే, ఆగింది. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. అది ఆగిపోవడం కాదు, పిల్ల కావాలనే ఆపింది. ఒక్క క్షణం అలా నిలబెట్టి, మళ్ళీ అక్కడినుంచే కదిలించి, జారకుండా తిన్నగా గరాజులోకి వచ్చింది. నా కంట్లో నీళ్ళు తిరిగాయి. చలిగాలి అన్నాను.

పావుగంట తరువాత అల్లుడి ఎత్తు కారు వచ్చింది. నాలుగు చక్రాలూ లాగే కారు. మలుపులో బ్రేకు వేశాడు. బండి ఆగలేదు, తొందరేమీ లేనట్టు మెల్లగా మా దారి దాటి, పక్కింటివాళ్ళ ఉత్తరాల డబ్బాకు బెత్తెడు దూరంలో నిలిచింది. ఆయన గరాజులోకి వచ్చి బూట్లు విప్పుకుని, కూతురి కారు వైపు, దాని చిన్న చక్రాల వైపు చాలాసేపు చూశాడు. అమ్మే మాట మళ్ళీ రాలేదు.

మర్నాడు పొద్దున నేను చిక్కుడుకాయలు ఒలుస్తుంటే దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అత్తయ్యగారూ, ఒకసారి గరాజులోకి వస్తారా. నా టైర్లు కూడా చూడండి."

ఇరవై అయిదేళ్ళలో ఆయన నన్ను ఒక పని అడగడం అదే మొదలు. బూట్లు తొడుక్కుని వెళ్ళాను. ఆయన పక్కనే వంగి చూస్తుండగా నాలుగింటికీ గోరు నొక్కాను. తరువాత మా అమ్మాయిని కేకేసి పిలిచి, ఆయనకు వినబడేలా, "నాలుగూ మార్చాలే" అన్నాను.