మీటరు పెట్టాల్సిన గది

మహ్జూబా ఇంటి మీదుగా విమానాలు పోవడం కొత్త కాదు. పోయిన చలికాలం వాటి దారి మార్చారు, అదే కొత్త. అంతకుముందు ఆలివ్ తోటల మీదుగా పోయేవి. ఇప్పుడు డాబా మీద ఆరేసిన దుప్పట్లు అదిరేంత కిందికి దిగుతున్నాయి. ఎవర్ని అడిగి మార్చారని ఆమె వీధిలో అందర్నీ నిలదీసింది. ఎవరికీ తెలియదు. తోటల పక్కన పెద్దవాళ్ల మేడలు లేచాయని మాత్రం అందరికీ తెలుసు.

ఆమె భర్త బూషయిబ్ వీధి చివర ఫర్రాన్‌లో, అంటే వీధివాళ్లందరి రొట్టెల బట్టీలో, రొట్టెలు కాలుస్తాడు. చీకటితో వెళ్లి, పొద్దెక్కాక వచ్చి, డాబా మీది రేకుల గదిలో నడుం వాలుస్తాడు. సరిగ్గా అప్పుడే విమానాలు మొదలవుతాయి. నాలుగు నెలలు కంటి మీద కునుకు లేక, ఒకరోజు పొయ్యి ముందు నిలబడే తూగి, ఎడమ చెయ్యి మోచేతి దాకా నిప్పుల్లో పెట్టాడు. కట్టు కట్టిన డాక్టరు, "నిద్ర పోకపోతే ఈసారి తల పెడతావు" అన్నాడు. ఫర్రాన్ యజమాని ఇంకో మనిషిని వెతుక్కుంటున్నాడు.

మహ్జూబా విమానాశ్రయంలో ఫిర్యాదుల కిటికీ దగ్గరికి వెళ్లింది.

"ఏ విమానం? ఎన్నింటికి?" అన్నాడు గుమస్తా.

"అన్నీనూ. పొద్దస్తమానం."

"అలా రాసుకోం చెల్లెమ్మా. తేదీ, టైము, ఎటునుంచి ఎటు పోయింది, ఎంతసేపు మోగింది. వారం లోపు ఇవ్వాలి. దాటితే చెల్లదు."

సరే, అంతేగా అనుకుంది. నోటుపుస్తకం కొనుక్కుంది. పిండి పిసుకుతూ, గిన్నెలు తోముతూ, తడి చేతులతోనే రాసింది. వారం వారం వెళ్లి, రోజుకొకటి చొప్పున ముప్పై ఎనిమిది ఫిర్యాదులు ఇచ్చింది. ఆ గుమస్తాకి ఆమెను చూస్తేనే తలనొప్పి వచ్చే స్థితి తెచ్చింది. చివరికి మనిషిని పంపి శబ్దం కొలిపిస్తామని, ఏ గదిలో కొలవాలో రాయమని ఒక కాగితం ఇచ్చారు.

ఇక్కడే ఆమె తన గోతిని తనే తవ్వుకుంది. అధికారి ఇంటికొస్తుంటే రేకుల గది అని ఎవరు రాస్తారు? "సలోన్" అని రాసింది.

సలోన్ అంటే అతిథుల గది, ఆ ఇంటి పరువు. చుట్టూ నాలుగు గోడల వెంట ఉన్ని పరుపుల దివానులు, కింద తివాచీ, కిటికీలకు జరీ తెరలు. ఇంట్లోవాళ్లు అందులో పడుకోరు, కూర్చోరు, తుడుస్తారంతే. సీ ద్రిస్ అనే ఆ అధికారి వచ్చిన రోజు అత్తగారు లల్లా తామూ ఆయన్ని అక్కడే కూర్చోబెట్టి, పుదీనా టీ మూడుసార్లు పోసి, బాదం మిఠాయి పళ్లెం ఖాళీ చేయించింది. దుమ్ము రాకూడదని తెరలు కూడా మూసింది. రెండు విమానాలు పోయాయి. సీ ద్రిస్ శబ్దం కొలిచే మీటరు చూసుకుని, నోరు తుడుచుకుని, దీవించి వెళ్లాడు.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. శబ్దం పరిమితిలోనే ఉందట. ఫిర్యాదు ముగిసిందట.

మహ్జూబా ఆ ఉత్తరం పట్టుకుని వెళ్లి ఫిర్యాదుల కిటికీ మీద పడింది.

"నువ్వే రాశావు కదమ్మా సలోన్ అని. ఆ పరుపుల మధ్య ఫిరంగి పేలినా వినపడదు" అన్నాడు గుమస్తా.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. వాళ్ల మీద ఎంత మండిందో తన మీద అంతకు రెట్టింపు మండింది. మొగుడి చెయ్యి కాలితే తనకి పరువు కావలసి వచ్చింది! ఉత్తరం అడుగున సన్నటి అక్షరాల్లో, పదిహేను రోజుల్లో అభ్యంతరం చెప్పవచ్చని ఉంది. అక్కడే నిలబడి రాసిచ్చింది. గది పేరు దగ్గర "నా భర్త పడుకునే రేకుల గది" అని కాగితం చిరిగేంత గట్టిగా రాసింది.

సీ ద్రిస్ మళ్లీ వచ్చేసరికి సలోన్‌కి తాళం వేసి ఉంది.

"ఏమే, వచ్చిన మనిషిని ఎండలో మెట్లెక్కిస్తావా? వీధంతా చూస్తోంది!" అంది లల్లా తామూ, టీ పళ్లెం ఎత్తుకుని.

"చూడనీ లల్లా. ఆ పళ్లెం లోపల పెట్టు. మర్యాద చేసి ఒకసారి మునిగాం."

రేకుల గదిలో ఆయన్ని బూషయిబ్ చాప మీద కూర్చోబెట్టింది. మూలన బూషయిబ్ గోడకు ఆనుకుని ఉన్నాడు, కళ్లు తెరిచే. సీ ద్రిస్ చెమట తుడుచుకుని మీటరు తీశాడు.

"కాసిని మంచినీళ్లు..."

"రాశాక."

విమానం వచ్చింది. రేకులు దడదడలాడాయి, మేకుల సందుల్లోంచి తుప్పు రాలింది. సీ ద్రిస్ మీటరు ఒళ్లో పడేసి రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

చప్పుడు పోయేదాకా ఆగి మహ్జూబా అంది: "చేతులు తియ్యండి సీ ద్రిస్. మా ఆయన అలా మూసుకుందామన్నా ఒక్క చెయ్యే ఉంది."

సీ ద్రిస్ కట్టు కట్టిన ఆ చేతివైపు చూశాడు. మీటరు తీసుకుని, అందులో ఉన్న అంకె ఉన్నట్టు కాగితం మీద వేశాడు.