బిట్ వచ్చేదాకా నా పాట

ఆ రోజుల్లో హైదరాబాదులో ఎవరిని కదిపినా కోడింగ్ అనో కాల్ సెంటర్ అనో అనేవారు. పొద్దున్నే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర నిలబడితే, రాత్రి డ్యూటీ దిగి కంపెనీ క్యాబుల్లో నోళ్ళు తెరుచుకుని నిద్రపోతూ వెళ్ళే పిల్లలు ఒకవైపు, ఫిల్మ్‌నగర్‌లో షూటింగుకని ఆటోల్లో కిక్కిరిసి వెళ్ళే జూనియర్ ఆర్టిస్టులు ఇంకొకవైపు కనిపించేవారు. ఆ రెండు గుంపుల్లో దేనికీ చెందకుండా మధ్యలో నిలబడ్డవాణ్ణి నేను. నాకప్పుడు యాభై ఏళ్ళు. యాభై ఏళ్ళవాడి కథని కుర్రతనపు ముచ్చటలా చెబుతావేమయ్యా అంటారేమో! మైకు ముందు కూర్చోవడం అదే మొదలు కాబట్టి ఆ లెక్కన నేను ఇంకా దోగాడుతున్న పసివాణ్ణే. (వణుకు మాత్రం తొంభై ఏళ్ళవాడిది.)

నేను పదో తరగతి గట్టెక్కలేదు. నా చదువంతా యూసుఫ్‌గూడలో నేను నడిపిన క్యాసెట్ల కొట్టులోనే. పాట ఎవరు పాడారో లోకమంతా చెబుతుంది. ఆ పాటలో సితారు ఎవరిది, ఫ్లూటు ఎవరిది అని అడిగితే ఒక్కడూ చెప్పడు. మా కొట్టుకి వచ్చే వాద్యగాళ్ళని కూర్చోబెట్టి, టీ తెప్పించి, నేనే అడిగి తెలుసుకున్నాను. క్యాసెట్ అట్ట మీద నిర్మాత బావమరిది పేరుంటుంది, ఆయన కొలిచే దేవుడి బొమ్మ ఉంటుంది, గుండె పిండేలా వాయించినవాడి పేరు మాత్రం ఉండదు! ఇప్పటికీ తల్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. సీడీలొచ్చి కొట్టు మూతపడ్డాక, ఈ మంటని పనికొచ్చేలా వాడుకుంటామని జూబ్లీహిల్స్‌లో కొత్తగా పెట్టిన ఒక ఎఫ్.ఎం. స్టేషన్ వాళ్ళు పిలిచారు. స్టేషన్ హెడ్ మా అమ్మాయి ఈడు పిల్ల. అందరూ మేడమ్ అనేవారు, నేనూ అన్నాను.

"అంకుల్, అమెరికాలో బ్లూస్ అని ఒక మ్యూజిక్ ఉంది. పాడే పెద్దవాళ్ళని వారం వారం రేడియోలో కూర్చోబెట్టి సెలబ్రేట్ చేస్తారు. మనమూ అలాంటి షో చేద్దాం," అంది.

"బ్లూస్ అంటే ఏమిటి మేడమ్?"

"బాధ అంకుల్. లైఫ్‌లో పడ్డ బాధంతా మ్యూజిక్‌లో పెడతారు."

"అయితే సినిమా పనివాళ్ళుండే మన కృష్ణానగర్‌లో సందుకి పదిమంది దొరుకుతారు," అన్నాను.

అలా ఆదివారం పొద్దుటి షో మొదలైంది. సినిమా పాటల వెనుక వాయించిన పెద్దవాళ్ళని వారానికొకర్ని పిలవడం, మాట్లాడించడం, వాయింపించడం, అంతా లైవ్‌లోనే. పిలవడం బాగానే ఉండేది. మాట్లాడించడం దగ్గరే వచ్చింది చిక్కు. ఒక తబలా ఆయన షో అంతా మద్రాసులో తిన్న ఇడ్లీల గురించి చెప్పాడు. ఇంకొకాయన సంగీత దర్శకుడు తిట్టిన తిట్లు గుర్తొచ్చి ఏడ్చాడు. ఫోన్లు రాలేదు. ఒక శుక్రవారం మేడమ్ నన్ను గాజు గదిలోకి పిలిచి, "సారీ అంకుల్, ఈ సండే లాస్ట్. క్లిక్ అవ్వకపోతే ఆ స్లాట్‌లో 'ఇంటర్వ్యూలో గెలవడం ఎలా' పెడుతున్నాం, స్పాన్సర్ రెడీగా ఉన్నాడు," అంది. బయటికొచ్చాక కన్సోల్ అనే బటన్ల బల్ల ముందు కూర్చునే ఆయన (బటన్ల భాయ్ అనేవాళ్ళం, మా యూసుఫ్‌గూడ మనిషే) నా మొహం చూసి, "ఫికర్ చెయ్యకు పెద్దన్నా. నువ్వు జర తక్కువ మాట్లాడు, గా వచ్చినాయనతోని ఎక్కువ వాయింపియ్యి, అంతే," అన్నాడు. ఆ సలహాయే నా కొంప ముంచబోయింది.

ఆ ఆదివారం అతిథి క్లారినెట్ మాస్టారు. డెబ్భై దాటినాయన. గుంటూరు వైపు చర్చి బ్యాండులో నేర్చుకుని, మద్రాసు వెళ్ళి, సినిమా పరిశ్రమ వెనకాలే హైదరాబాదు వచ్చి, ఎర్రగడ్డలో కూతురింట్లో ఉంటున్నాడు. ఒక వాన పాటలో పల్లవికీ చరణానికీ మధ్య ఆయన వాయించిన చిన్న బిట్ వింటే ఎండాకాలంలో కూడా గొడుగు వెతుక్కోవాలనిపించేది. శుక్రవారం నుంచి నాకు అన్నం సయించలేదు. వస్తాడో రాడో, వచ్చినా ఊపిరి నిలుస్తుందో లేదో అని ఒకటే గుబులు. తీరా ఆయన నాకంటే ముందే వచ్చి, తువ్వాలులో చుట్టిన క్లారినెట్ ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. నమస్కారం పెడితే "ఊఁ" అన్నాడు. ప్రయాణం ఎలా జరిగిందంటే "ఊఁ" అన్నాడు. ఈయన మూగవాడైపోయాడా ఏమిటి? తర్వాత తెలిసింది, క్లారినెట్ మూతికి బిగించే పల్చటి రీడుని నోట్లో పెట్టుకుని నానబెడుతున్నాడు. అది నానేదాకా మాట్లాడకూడదట.

షో మొదలైంది. రీడు బిగించాక మాటలు వచ్చాయి గాని, "అవునండి", "లేదండి", "ప్రభువు దయండి" దాటి రాలేదు. అద్దం అవతల మేడమ్ చేతులు కట్టుకుని నిలబడింది. ఇక భాయ్ సలహా పాటించి, "మాస్టారూ, ఆ వాన పాట ఒక్కసారి వినిపించండి," అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. క్లారినెట్ ఎత్తి పెదాలకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

చడీచప్పుడు లేదు.

రేడియోలో నిశ్శబ్దమంటే ఏమిటో మీకు చెప్పాలి. ఇంట్లో నిశ్శబ్దం వేరు, గుడిలో నిశ్శబ్దం వేరు. ఎఫ్.ఎం.లో అది చావు. కాసేపు చప్పుడు లేకపోతే గోడ మీద ఎర్రలైటు కొట్టుకోవడం మొదలవుతుంది. ఇంకాసేపైతే మిషను తనంతట తానే ప్రకటన వేసేస్తుంది. ఆ రోజు వరసలో ముందున్న ప్రకటన ఏదనుకున్నారు? 'ఇంటర్వ్యూలో గెలవడం ఎలా' వాళ్ళదే! లైటు కొట్టుకుంటోంది. భాయ్ అద్దం అవతలి నుంచి పీక కోసుకున్నట్టు సైగ చేస్తున్నాడు. మాస్టారు మూసిన కళ్ళు తెరవలేదు. దేవుడా, లైవ్‌లో పోయాడా? కిందికి చూస్తే కుడిపాదం మెల్లగా తాళం వేస్తోంది. హమ్మయ్య, బతికే ఉన్నాడు! "మాస్టారూ..." అని గొణిగాను. కళ్ళు తెరవకుండానే ఒక వేలు ఎత్తాడు. ఆగమని.

అప్పుడు వెలిగింది నాకు. ఆయన వాయించడం మానలేదు. వాయిస్తూనే ఉన్నాడు. రికార్డింగ్ థియేటర్లో పల్లవి నడిచినంతసేపూ క్లారినెట్‌వాడు నోరు మూసుకుని తాళం లెక్కపెట్టుకోవాలి. తన బిట్ వచ్చినప్పుడే ఊదాలి. ముందు ఊదితే అందరూ మళ్ళీ మొదటి నుంచి వాయించాలి, తిట్లన్నీ వీడికి. జన్మంతా అలా బతికిన మనిషికి పాట వాయించమంటే పాటంతా వాయిస్తున్నాడు, తన వంతు నిశ్శబ్దంతో సహా.

మిషను ప్రకటన అందుకునేలోగా ఏదో ఒక చప్పుడు కావాలి. ఇంకేం తోచక నోరు తెరిచి పల్లవి ఎత్తుకున్నాను. నా గొంతు గురించి మా ఆవిడ ఏనాడో తీర్పు చెప్పింది. టేపురికార్డరు క్యాసెట్‌ని నమిలేస్తే వచ్చే శబ్దమట. నాలుగు మాటలు పాడానో లేదో, మాస్టారు క్లారినెట్ దించి, "మొదటి నుంచి ఎత్తుకున్నారా అండి? నేను సగం దాకా వచ్చేశానండి. సరేలెండి, మళ్ళీ లెక్కపెట్టుకుంటాను," అన్నాడు, మైకులో, ఊరంతా వినేలా! పల్లవి మొత్తం పాడాను. మాటలు మర్చిపోయిన చోట లలలా అన్నాను. శ్రుతి ఎటుపోయిందో నాకు తెలియదు, చెమటలు మాత్రం కిందికే పోయాయి. పల్లవి ముగిసింది. మాస్టారు ఊదాడు.

ఏం చెప్పను! ఒక గుక్క కాఫీ మింగేంత సేపు. అంతలోనే గది నిండా వాన కురిసి వెలిసింది. ఆయన క్లారినెట్ దించి తువ్వాలు అందుకున్నాడు.

"అయిపోయిందా మాస్టారూ?"

"నాదింతేనండి. మిగతాది వయొలిన్ వాళ్ళది."

ఫోన్లు మోగాయి. ఫోన్ల బోర్డు మీద లైట్లన్నీ ఒకేసారి వెలగడం అదే మొదటిసారి చూశాను. మాస్టారిని ఆటో ఎక్కించి, మేడమ్ గదిలోకి కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాను. ఆ పిల్ల నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటోంది. "అంకుల్, షో ఉంటుంది. అందరూ ఆ బిట్ మళ్ళీ వేయమంటున్నారు. కానీ ముందు మీరు పాడింది కూడా కావాలంటున్నారు. ఎవరో కారు పక్కకి ఆపి మరీ విన్నారట. ప్రతి వారం పాడాలి, అదే కండిషన్."

"నేను పాడాలా? ఇది వాద్యగాళ్ళకి మర్యాద చేసే షో మేడమ్, నాకు అవమానం చేసేది కాదు!" అని మండిపడ్డాను.

వెనక నుంచి భాయ్, "పెద్దన్నా, మా ఇంటామె ఫోన్ చేసింది. గా పాడినాయన ఎవలు, పాణం మంచిగున్నదా అని అడిగింది. నాకు తెల్వదని చెప్పిన," అన్నాడు.

మండిపడ్డా పాడాను. మాండొలిన్ ఆయన వచ్చాడు, షెహనాయ్ ఆయన వచ్చాడు, ఒకాయనైతే పాట మొత్తంలో గంట ఒక్కసారి కొట్టినవాడు. ఆ ఒక్క గంట కోసం పల్లవీ చరణాలూ అన్నీ పాడాల్సి వచ్చింది నాకు. ఊరు నన్ను చూసి నవ్వింది. నవ్వు ఆపుకునేసరికి బిట్ వచ్చేది, అప్పుడు మాత్రం ఎవరూ నవ్వేవారు కాదు. స్టేషన్ చేతులు మారేదాకా 'ఇంటర్వ్యూలో గెలవడం ఎలా'కి ఆదివారం దొరకనే లేదు.

మాస్టారు పోయి చాలాకాలమైంది. మొన్న కూరగాయలు తరుగుతూ ఆ వాన పాట అందుకున్నాను. పల్లవి అయిపోగానే, అలవాటుగా, నోరు ఆగిపోయింది. వంటింట్లోంచి మా ఆవిడ, "ఏమండీ, ఆపేశారేం? గొంతు పట్టేసిందా?" అంది.

"ఉండవే, మాస్టారి బిట్ నడుస్తోంది."

ఆవిడ పొయ్యి తగ్గించింది. ఎర్రలైటు చూసి చెమటలు కార్చిన ఆ యాభై ఏళ్ళ పసివాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. కుడిపాదంతో తాళం వేస్తూ, ఆ బిట్ పూర్తిగా అయ్యేదాకా ఆగి, అప్పుడు చరణం ఎత్తుకున్నాను.